మోటరు లేని బోరు

ఆస్ట్రేలియా మారుమూల ఎండుభూముల్లో, ఒక పశువుల ఫారంలో పనికి చేరిన మొదటిరోజు. బోరు పైపులోంచి వేడినీళ్లు పొంగి కాలువలోకి పోతున్నాయి. కరువు నేల ఓర్వకల్లువాణ్ని, నీళ్లు అలా నేలపాలవుతుంటే ఒళ్లు మండింది. పరుగున పోయి వాల్వు కట్టేశాను. యజమాని నవ్వి మళ్లీ తిప్పాడు. ఆవులు తాగేది ఆ కాలువలోనేనట. బోరుకు మోటరే లేదట, భూమి లోతుల్లోని ఒత్తిడికే నీళ్లు పైకి తన్నుకొస్తాయట. నాకిక కాళ్లు నేల మీద ఆగలేదు. వీడియో తీసి, సాయంత్రం ఊళ్లో బోర్లు వేసే మా అన్నకు పంపాను. వెంటనే ఫోన్ చేశాడు.

"మోటరు యాడుండాది రా?"

"లేదన్నా. నీళ్లు వాటంతటవే వస్తాండాయి."

"నేను నమ్మను. పైపు చుట్టూ తిరిగి తీయి."

మరునాడు పైపు చుట్టూ మూడుసార్లు తిరిగాను. వీడియో మొదటిసారికే అయిపోయింది. మిగతా రెండుసార్లూ మోటరు కోసం నేనే వెతికాను.