ఫోను దిద్దిన రాహేలమ్మ

మా బావ ఏసురాజు చేత జీవిత చరిత్ర రాయించుకోవాలంటే ముందు చచ్చిపోవాలి. వేరే అర్హత ఏదీ అక్కర్లేదు. ఆలూరుకు పది కిలోమీటర్ల అవతల ఉన్న మా ఊరి చర్చికి ఆయన ఇరవై ఎనిమిదేళ్ళుగా కార్యదర్శి. సంఘంలో ఎవరు పోయినా, ఆదరణ కూడికలో పాస్టరు వాక్యం చెప్పేముందు పోయినవాళ్ళ బతుకు గురించి ఒక కాగితం చదవాలి. ఆ కాగితం రాసేది మా బావే. నాలుగెకరాల మెట్ట చేను, రెండు ఎద్దులు, ఏడో తరగతి చదువు, ముత్యాల్లాంటి చేతిరాత, ఇవీ ఆయన ఆస్తి. నేను ఆయన బామ్మర్దిని. పేరు జయరాజ్. వారమంతా ఆటో నడుపుతాను, ఆదివారం చర్చిలో తబల వాయిస్తాను. బావను ఆటపట్టించడం బామ్మర్దికి పుట్టుకతో వచ్చిన హక్కు కాబట్టి ఈ సంగతి చెప్పే అధికారం నాకే ఉంది.

మా సంఘంలో ఒక అలవాటుంది. పక్క ఊళ్ళవాళ్ళు నవ్వుతారు, నవ్వనీ. బావ ఒక్కో వాక్యం చదువుతుంటే, అది నిజమైతే జనం ఆమేన్ అంటారు. కాకపోతే ఊరుకుంటారు. ఎవరూ పెట్టిన రూలు కాదు. ఎప్పుడో ఒక ముసలాయన నోరు ఊరుకోక మొదలుపెడితే అలా నిలిచిపోయింది. అందుకని బావ ఇల్లిల్లూ తిరిగి, అడిగి, రూఢి చేసుకుని రాసేవాడు. "ఈయన జొన్నచేలో పిట్టల్ని తోలేవాడు కాదు, వాటికీ ఆకలైతాది గదా అనేవాడు" అని చదివితే ఆమేన్. "ఈమె పక్కింటి కోడి పెట్టిన గుడ్డును కూడా తన కోడి గుడ్డే అనేది" అని చదివితే ఇంకా పెద్ద ఆమేన్. పోయినామె కోడలు కూడా కళ్ళు తుడుచుకుంటూ నవ్వేది.

ఈ నిజాయితీయే చివరికి కొంప ముంచింది. నిరుడు దావీదురాజు మామ పోతే, "ఈయన తాగుడు మూడుసార్లు మానేశాడు" అని రాశాడు బావ. ఆమేన్ అన్న అరుపుకు చర్చి రేకులు అదిరాయి. కర్నూలు నుంచి వచ్చిన ఆయన కొడుకులకు మాత్రం తల కొట్టేసినట్టయింది. "మా నాయన పరువు మైకులో తీస్తివి గదప్పా" అని గేటు దగ్గర బావను నిలదీశారు. నిజానికి ఆ వాక్యం ప్రేమతో రాసిందే. మానేయడానికి ఆ మనిషి పడిన యాతనను మూడుసార్లూ పక్కన కూర్చుని చూసింది మా బావే. ఆ సంగతి గేటు దగ్గర నిలబడి ఎవరికని చెప్తాడు? ఇంటికొచ్చి రెండు రోజులు అన్నం సరిగా తినలేదు.

అప్పుడు బావ కొడుకు అరుణ్ కుమార్ రంగంలోకి దిగాడు. వాడు కర్నూలులో ఒక కాలేజీలో కంప్యూటర్లు చూసుకుంటాడు. తండ్రి ఫోనులో ఏఐ యాప్ ఒకటి పెట్టి, "నాయనా, నువ్వు ఇషయం చెప్తే సాలు, గౌరవంగా రాసేది అది సూసుకుంటాది" అని చెప్పిపోయాడు. ఆ నెలలోనే ట్రాక్టరు నడిపే దానియేలు పోయాడు. ఫోను రాసిన దాని ప్రకారం దానియేలు నిరాడంబరతకు నిలువుటద్దం, సేవాతత్పరతకు మారుపేరు, భావితరాలకు ఆదర్శమూర్తి. ఒక్క ఆమేన్ కూడా రాలేదు. ఎవరి గురించి చదువుతున్నారో జనానికి అర్థం కాలేదని బావ అనుకోలేదు, భక్తితో మౌనంగా విన్నారనుకున్నాడు. దానియేలు ఇంటివాళ్ళు మాత్రం మురిసిపోయి ఆ కాగితాన్ని లామినేషన్ చేయించి గోడకు తగిలించారు. దాంతో బావకు ధైర్యం వచ్చింది. ఆ తర్వాత పోయిన ఇద్దరు కూడా నిరాడంబరతకు నిలువుటద్దాలే అయ్యారు.

మా అక్క రత్నమణి, అంటే బావ భార్య, ఒకరోజు రొట్టెలు చేస్తూ అనేసింది.

"ఈ యాప్ వచ్చినప్పటి సంది మన ఊర్లో అందురూ మంచోళ్ళే సస్తాండారు. ఇంగ మిగిలింది నువ్వూ నేనే."

బావ వినిపించుకునే స్థితిలో లేడు. ఫోను రాసింది చదువుకుని కళ్ళు తుడుచుకుంటున్నాడు. ఇరవై ఎనిమిదేళ్ళు తన రాతకు ఒక్కసారీ ఏడవని మనిషి, చూడండి.

అలాంటి రోజుల్లో రాహేలమ్మ పోయింది.

రాహేలమ్మ అంటే మా చర్చి ఊడ్చే మనిషి. తాళాలు ఆమె దగ్గరే ఉండేవి. పాస్టరు ప్రసంగం సాగదీస్తే తాళాలగుత్తి గలగలలాడించేది, ఆయన గబుక్కున ముగింపు ప్రార్థనలోకి దిగిపోయేవాడు. నోరా, దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ ఊళ్ళో కుక్కలు తోక ముడుస్తాయి. మొగుడు చిన్న వయసులోనే పోతే, ఒక్కగానొక్క కూతురు సుజనను చంకనేసుకుని ఏటా మిరపకాయలు తెంపడానికి గుంటూరు వైపు సుగ్గికి, అంటే వలస కూలికి, పోయేది. ఆ కూలితోనే కూతుర్ని నర్సు చదివించింది. సుజన కడపలో ఒక ఆసుపత్రిలో కుదురుకుంది, పెళ్ళి చేసుకుంది, ఇద్దరు పిల్లలు పుట్టాక తల్లిని తీసుకెళ్ళి ఇంట్లో పెట్టుకుంది.

ఉన్నది పదకొండు రోజులు. పన్నెండో రోజు సుజన డ్యూటీ నుంచి వచ్చేసరికి తల్లి లేదు. బస్టాండు, రైల్వే స్టేషను, దర్గా అన్నీ వెతికి, చివరికి పోలీసులకు ఫోటో ఇచ్చింది. రాహేలమ్మ మాత్రం మూడు బస్సులు మారి ఊరికి వచ్చేసి శనక్కాయ చేలో కలుపు తీస్తోంది. సుజన నా ఫోనుకు చేసి ఏడ్చింది. నేను చేనుగట్టు దాకా పోయి ఫోను చేతికివ్వబోతే ముసలామె తీసుకోలేదు.

"బాగుండానని చెప్పు, పో" అంది.

ఆ రోజు నుంచి ఆరేళ్ళు తల్లీకూతుళ్ళకు మాటల్లేవు. "నా ఇంట్లో మాయమ్మకు ఏం తక్కువ చేసినానో అడుగు చిన్నాయనా" అని సుజన నన్ను అడుగుతూనే ఉండేది. నేను పోయి అడిగితే రాహేలమ్మ నా ఏడు తరాలను తిట్టి పంపేది. ఆ ప్రశ్న ఆ పిల్లను ఎంతగా తినేసిందో నాకు తెలుసు. ఒకసారి కడప పోయినప్పుడు చూశాను, ఆ ఇంట్లో తల్లి పడుకున్న మంచం వేసింది వేసినట్టే ఉంది.

పోయే ముందు నెలలో రాహేలమ్మ మా బావను పిలిపించి, చర్చి మెట్ల మీద కూర్చోబెట్టి, తన బతుకు తానే చెప్పి రాయించింది. కూతురింటి నుంచి ఎందుకు వచ్చేసిందో కూడా చెప్పింది. "ఇది నేను సచ్చినాకే సదవాల. నా కూతురు ముందరే సదవాల" అని మాట తీసుకుంది. ఈ సంగతి బావ నాకు చెప్పాడు గానీ, కారణం చెప్పమని ఎంత బతిమాలినా నోరు విప్పలేదు. బావ నాకు నచ్చేది ఇలాంటి చోటే.

నచ్చనిది ఆ తర్వాత చేసిన పని. కడప నుంచి అల్లుడు, అతని తరపువాళ్ళు వస్తున్నారని తెలిసేసరికి బావకు మళ్ళీ దావీదురాజు కొడుకులు, గేటు గుర్తొచ్చాయి. నోటుబుక్కులో రాసుకున్నదంతా ఫోనుకు చదివి వినిపించి, "గొడవలుండేవి తీసేసి మర్యాదగా రాయప్పా" అన్నాడు. ఫోనును కూడా ఆయన అప్పా అనే అంటాడు. అది చెప్పిన పని చెప్పినట్టు చేసింది. తప్పు దానిదని నేననను, దానికి రాహేలమ్మ తెలియదు. తెలిసిన మనిషికి ఏమైంది అనేదే నా కోపం. ఇప్పుడైతే బావ ఫోను తీయగానే "అచ్చరాలు దిద్దప్పా, మనిషిని దిద్దొద్దు" అని ముందే హెచ్చరిస్తాడు. అప్పుడు ఆ బుద్ధి లేదు.

కూడిక నాడు చర్చి నిండిపోయింది. బల్ల మీద రాహేలమ్మ ఫోటో, దానికో పూలదండ. ముందు వరసలో చాప మీద సుజన. బావ ఫోనులోంచి కాగితం మీదికి ఎత్తి రాసుకొచ్చింది మైకులో చదవడం మొదలుపెట్టాడు.

"రాహేలమ్మ గారు సహనానికి ప్రతిరూపం."

చప్పుడు లేదు.

"మృదుభాషిణి."

వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. మా అక్క కొంగు నోట్లో కుక్కుకుంది. బావ చెమట తుడుచుకుని ముందుకు పోయాడు.

"తమ కుమార్తె గృహంలో కొంతకాలం ఆనందంగా గడిపి, అందరి ఆప్యాయతనూ చూరగొన్నారు."

సుజన లేచి నిలబడింది.

"మామా, ఎవుర్ని గురించి సదువుతాండావు?"

బావ తలెత్తాడు.

"మాయమ్మ మెత్తగా మాట్లాడింది నేను పుట్టినాక ఒక్క దినం ఇనలే. నా ఇంట్లో ఆనందంగా ఉండిందా? అట్లయితే నన్నిడిసి ఎందుకొచ్చె? ఆరేండ్లయ్యె అదే అడుగుతాండా. నేను చేసిన తప్పేందో నీకన్నా చెప్పిందా, లేదా?"

బావ చేతిలో కాగితం వైపు చూశాడు. అంత మర్యాదగల కాగితంలో ఆ పిల్లకు జవాబు లేదు. ఆయన ముఖం చూస్తే నాకు మొదటిసారి ఎగతాళి చేయబుద్ధి కాలేదు.

"చెప్పిందమ్మా. నేనే తీసేపిస్తి. నాదే తప్పు" అన్నాడు.

నోటుబుక్కు తెస్తానని అక్క లేవబోతే చేత్తోనే వద్దన్నాడు. ఆ పేజీ ఆయనకు నోటికి వచ్చు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, మైకు పక్కకు జరిపి, రాహేలమ్మ చెప్పింది చెప్పినట్టు చెప్పాడు.

"నా నోరు మంచిది గాదు ఏసురాజూ, ముందు అది రాయి."

"ఆమేన్" అంది చర్చి మొత్తం. సుజనకు కూడా ఏడుపులోనే నవ్వొచ్చింది.

"నా కూతురు నన్ను మంచం దిగనియ్యలే. పొద్దున్నే కాఫీ మంచం కాడికే. సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చి, దానికే నడుములు పడిపోతాంటే, కూసోని నా కాళ్ళకు నూనె రాసేది. నా బతుకులో నన్ను ఎవురూ అట్ల సూసుకోలే. పదకొండు దినాలకే నాకు రుచి తగిలె. పొద్దున లేసి కాఫీ ఇంగా రాలేదేమని దోవ సూసినా. అప్పుడు భయమాయె. ఇంగ నాలుగు దినాలుంటే అలవాటైపోతాది, సచ్చేదాకా దాని నెత్తిన కూసుంటా. దానికి ఇద్దరు పిల్లోళ్ళు, డ్యూటీ, మొగుడు. అందుకే వచ్చేస్తి. చెప్తే పంపదు. ఫోనులో దాని గొంతు ఇంటే మళ్ళా పోతాను, అందుకే మాట్లాడలే. అది ఏ తప్పూ చెయ్యలే. అది బంగారు."

సుజన తిన్నగా బల్ల దగ్గరికి పోయి ఫోటో ముందు నిలబడింది.

"నెత్తిన కూసుంటే ఏమయ్యేదే ముసలీ? నేను కూసోలేదా? గుంటూరు దాకా నీ సంకనెక్కి కూసోని పోలేదా నేను? అప్పుడు నీకు బరువు గాలేదా? బరువని నువ్వు నన్ను దించినావా? మరి నేను దించుతానని ఎట్లనుకుంటివే?"

ఆ పిల్ల గొంతులో రాహేలమ్మ గొంతు విని ముసలివాళ్ళు కొందరు ఉలిక్కిపడ్డారు. ఆరేళ్ళ తిట్లు ఒకదాని వెంట ఒకటి వస్తున్నాయి, కాఫీ గురించి, పోలీస్ స్టేషన్ గురించి, ఇంకా అక్కడే ఉన్న మంచం గురించి. వాక్యం చెప్పడానికి బైబిలు తెరిచి నిలబడ్డ పాస్టరు మెల్లగా దాన్ని మూసి కూర్చున్నాడు. ఎవరూ ఆమెను ఆపలేదు.