మునిగిన కయ్యలో ఎనిమిది దుబ్బులు

తిరువాలంగాడు దగ్గర సుందరవల్లి మెట్టినింటివాళ్ళకు ఏటిపక్కన వరి పండే ముక్కాలెకరా పల్లపు కయ్య ఉండేది. దీపావళి పొద్దుకొచ్చే ఐప్పసి నెల వానలు పట్టుకుంటే అందులో పదిదినాలు నీళ్ళు నిలవాల్సిందే, వరి కుళ్ళాల్సిందే. పంతొమ్మిదొందల డెబ్బై ఆరులోనూ అంతే అయింది. నీళ్ళు తీసినాక మొగుడు పచ్చయ్యప్ప బురద దున్నేదానికి ఎద్దుల్ని తోలినాడు. సుందరవల్లి పరిగెత్తుకొచ్చి అడ్డం నిలబడింది. ఆ కుళ్ళులో ఎనిమిది దుబ్బులు పచ్చగా చిగురు పెట్టుండాయి!

"ఇవి ఎట్ల బతికినాయి మామా?"

"నన్నడిగితే? వాటినే అడుగు," అన్నాడు పచ్చయ్యప్ప. అయినా ఎద్దుల్ని పక్కకు తిప్పినాడు, పాపం.

ఆ దుబ్బులకు పండిన వడ్లు సుందరవల్లి వేరే కుండలో దాచింది. మరుసటేడు ఒక మూలన నాటి, చుట్టూ గట్లు ఎత్తుగా కట్టి, ఏవి బతుకుతాయో చూడాలని చేజేతులా నీళ్ళలో ముంచేసింది. "పెంచిన పైరుకు నువ్వే గొంతు పిసుకుతావా? నీకేమన్నా పిచ్చా వదినా?" అని ఆడబిడ్డ ఇంద్రాణి నోరు నొక్కుకునింది.

మొదటేడు సుందరవల్లి ఒక తప్పు చేసింది. ఎవురైనా చేసే తప్పే. నీళ్ళపైకి తల ఎత్తినవే గట్టివని విత్తనానికి గుర్తుగా వాటికి గుడ్డపీలికలు కట్టింది. నీళ్ళు తీస్తానే అవన్నీ కూలబడినాయి. ఉండే సత్తువంతా పొడుగు సాగేదానికే పోసేసినాయి మరి! అడుగున ఎదగకుండా, ఊపిరి బిగబట్టి కూర్చున్న పొట్టివే మళ్ళా లేచినాయి. అప్పట్నుంచీ ఆ పొట్టివాటి గింజే విత్తనం. ఏటేటా ముంచింది, బతికినవాటినే ఏరింది.

ఎనభై ఒకటిలో పచ్చయ్యప్పకు ఓపిక చచ్చిపోయింది. ఇటుకల బట్టీ గోపాలన్ ఆ కయ్యలో మట్టి తవ్వుకుంటానని తిరుగుతా ఉండాడు. "ఈ ఒక్క పైరు చూస్తా మే. ఇదీ పోతే మట్టికిచ్చేస్తా," అని పచ్చయ్యప్ప పెండ్లానికి తెగేసి చెప్పినాడు. ఒకసారి గుంత పడినాక అది మళ్ళా కయ్యయ్యేది యాడ? సుందరవల్లి గుండె రాయిచేసుకుని కయ్యంతా తన నారే నాటింది.

ఏరు పొంగింది. పన్నెండు దినాలు పైరు ఆనవాలే లేదు. నీళ్ళు తీసినరోజు చూస్తే అంతా నల్లబురద. గోపాలన్ అప్పుడే పారలతో మనుషుల్ని దించినాడు, అంత తొందర!

"వారం ఆగన్నా," అనింది సుందరవల్లి. పారలు గట్టుమీదికి చేరినాయి.

ఐదోనాడు చిగుర్లు. వారానికి కయ్యంతా పచ్చన. పచ్చయ్యప్ప గట్టుమీదే కూలబడి ఏడ్చేసినాడు. లేచి, "పారలెత్తుకుని పోన్నా, ఈ మట్టి నీకు లేదు," అని గోపాలన్‌ను పంపేసినాడు. వ్యవసాయ ఆఫీసరు జీపులో వచ్చి, ఎక్కువ పండే వరితో దీన్ని సంకరం చేస్తామని రెండుచేతులూ చాపి విత్తనం అడిగి తీసుకపోయినాడు.

ఆ ఇంట్లో నారుమడికి తొలిపిడికిలి ఎప్పుడూ మగవాళ్ళే చల్లేది. మరుసటేడు పచ్చయ్యప్ప ఊరోళ్ళందరి ముందర విత్తనాల గంప సుందరవల్లి చంకకెత్తినాడు.

"నువ్వే చల్లు మే. ఇవి నీ వడ్లు."

సుందరవల్లి కొంగు నడుముకు బిగించి మడిలో దిగింది. ఒక్క పిడికిలితో ఆగలేదు, గంపంతా తనే చల్లింది.