పచ్చ మఖ్మలు గుడ్డ కింది మిషను

తన పరువును తానే భుజాన మోసి, బస్సెక్కించి, టికెట్టు కూడా కొని, పరీక్ష హాల్లో పదిమంది ముందు పారబోసుకున్న మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇదిగో, నేనే.

ఈ కాలం పిల్లలు కంప్యూటరు సర్టిఫికెట్లు గోడ నిండా తగిలిస్తారు. రాష్ట్రాలు కలిసిన ఆ కొత్తలో మాకున్నది ఒక్కటే, ఇంగ్లీషు టైపు లోయరు పరీక్ష. అది పాసైతే బోధన్‌లో చక్కెర మిల్లు ఆఫీసులో కుర్చీ, లేకుంటే బాపు వెంట చెరుకు నరకడం. బాపు అప్పటికే నాకు కుర్చీ వచ్చేసిందని ఊరంతా చాటాడు.

అప్పట్లో పరీక్షకు పెన్నులాగే టైపు మిషనూ మనమే మోసుకుపోవాలి. మా ఇన్‌స్టిట్యూట్‌లో నేను నేర్చుకున్న మిషనుకు కప్పింది చిరుగుల గుడ్డ. మూలన మరొకటి పచ్చ మఖ్మలు కప్పుకొని కొత్త పెళ్లికూతురిలా కూర్చునేది. మా టైపు మాస్టరు నర్సింహులు సార్ దాన్ని ఎవరినీ ముట్టనిచ్చేవాడు కాదు. ముట్టనివ్వడంటే అది ఎంత గొప్పదో అని నాకు నేనే అర్థం చేసుకున్నాను. ఒకరిని అడగడమంటే నాకు నామోషీ.

"నీ మిషను నువ్వు తీస్కపో, పైలం," అని జాగ్రత్త చెప్పాడు సార్ ముందురోజు.

"నాకు తెల్వదా సార్," అన్నాను.

తెల్లారి సార్ రాకముందే మఖ్మలును భుజానికెత్తుకున్నాను. బస్సులో కండక్టరు ఆగలేకపోయాడు.

"గదేంది, హార్మోనియమా?"

"టైపు మిషను. పరీక్షకు పోతున్న."

"గుడ్డ తియ్యి, సూస్త."

"హాల్లనే తీసుడు. దుమ్ము పడ్తది."

ఆ ఒక్క గుడ్డ అక్కడే ఎత్తి ఉంటే మీకీ కథ తప్పేది.

నిజామాబాద్ హాల్లో మిషన్లు సరిచూసుకోవడానికి పది నిమిషాలిచ్చారు. చూపు మీటల మీద పడకూడదన్నది సార్ నేర్పిన మొదటి పాఠం. అందుకని కిటికీకేసి చూస్తూ గుడ్డ లాగి, కాగితం ఎక్కించి, దర్జాగా నాలుగు మాటలు కొట్టాను. ఎడమకు జరగాల్సిన కాగితం కుడికి జరిగింది. వంగి చూస్తే దాని మీద ఉర్దూ. తానొకటి తలిస్తే టైపు మిషనొకటి తలిచింది.

పరీక్ష పెట్టే అధికారి వచ్చి నిలబడ్డాడు. "ఏమయ్యా, ఇంగ్లీషు పరీక్షకు ఉర్దూ మిషను తెచ్చావా?"

"తెచ్చిన సార్." అంతకన్నా తెలివైన జవాబు దొరకలేదు.

"మరి నీది?"

"బోధన్‌ల ఉన్నది సార్."

బాపు ముఖం గుర్తొచ్చి నిజంగానే ఏడుపొచ్చింది. సరిగ్గా అప్పుడే పక్క గదిలో ఉర్దూ పరీక్షకు కూర్చున్న తెల్లగడ్డం మున్షీ సాబ్ ఒకాయన చేతులు పిసుక్కుంటూ వచ్చాడు.

"సాబ్, నా మిషన్ పట్టీ తెగింది. రెండుమాట్ల ఫేలైన. పింఛను కంటె ముందు ఒక్కపారి పాసైతె సాలనుకున్న. గిప్పుడు ఉర్దూ మిషన్ యాడ దొర్కుతది?"

అంటూనే నా బల్ల చూశాడు. ఆయన కళ్లు చెమ్మగిల్లాయి. "బేటా, గిది ఎవలకన్న అక్కరొస్తదని తెచ్చినవా?"

నేను అధికారి వైపు చూశాను. ఆయన పైకప్పు వైపు చూశాడు.

"ఔ సాబ్," అన్నాను. "ఎవలకన్న అక్కరొస్తదేమోనని."

అధికారి గొంతు సవరించుకున్నాడు. "ఆఫీసు గదిలో మా ఇంగ్లీషు మిషనుంది, తెచ్చుకో. ఇంకెప్పుడూ ఇలాంటి పరోపకారం చేయకు."

ఆ మిషను వెన్నపూసలా నడిచింది. గంట కొట్టకముందే ముగించి మీసం లేకపోయినా మెలేశాను. ఇద్దరం పాసయ్యాం, నేనైతే ఫస్టు క్లాసులో. మిల్లులో నా కుర్చీలో మొదట బాపు కూర్చుని చూశాడు.

అంతకుముందు, పరీక్షనాటి సాయంత్రం నర్సింహులు సార్ మాత్రం రూళ్లకర్ర పట్టుకొని నాకోసం కాచుకున్నాడు. నా అదృష్టం, నాకంటే ముందు మున్షీ సాబ్ ఆ మఖ్మలు మిషను తిరిగివ్వడానికి మిఠాయి పొట్లంతో చేరాడు. "మీ పోరనికి ఎంత ముందుసూపు, మాస్టర్ సాబ్," అని ఆయన కౌగిలించుకునేసరికి సార్ కర్ర దించక తప్పలేదు. మరునాడే బయట బోర్డు మీద కొత్త వాక్యం వెలిసింది: మా వద్ద పరీక్షలకు అదనపు మిషను సౌకర్యం కలదు.

ఆ సౌకర్యం ఎవరనుకున్నారు? "ముందుసూపు గలోనివి గదా బిడ్డా, నువ్వే మొయ్యాలె," అన్నాడు సార్ చల్లగా. మిల్లు గుమాస్తానై కూడా ఐదేళ్లపాటు పరీక్షలప్పుడల్లా సెలవు పెట్టి మరీ, ఈ భుజాన ఇంగ్లీషు, ఆ భుజాన ఉర్దూ మోసుకొని నిజామాబాద్ బస్సెక్కాను. అందుకే మీ అందరి సాక్షిగా ఒట్టు పెడుతున్నాను: చేయని మంచిపనికి ఎవరైనా పొగిడితే, దాని బరువు ఎన్ని సేర్లో తూకం వేయించుకోకుండా ఈ జన్మలో "ఔ" అనను.