ఇచ్చెయ్ బావా అన్నాను

గోదావరిఖనిలో మా కార్మికుల కాలనీలో ఆ ఏడు వరసగా దొంగతనాలు జరిగాయి. డ్యూటీకి పోయి వచ్చేసరికి తాళాలు పగిలి ఉండేవి. పోలీసులు తనిఖీలు చేయాలని అర్జీ రాసి, ఇంటింటికీ తిరిగి సంతకాలు పెట్టించింది నేనే. పోలీసుల అధికారాలు పెంచే చట్టం వస్తోందని పేపర్లో చదివి సంతోషించాను కూడా.

పక్క క్వార్టర్‌లో ఉండే ఆయనా నేనూ ఇరవై ఏళ్లు ఒకే గనిలో పనిచేశాం. చుట్టరికం లేకపోయినా బావా అని పిలుచుకునేవాళ్లం. సంతకం పెడుతూ, "దొంగల కోసం వచ్చినోళ్లు మనల్ని గూడ దొంగల లెక్కనే జూస్తరు బావా," అన్నాడు. నేను నవ్వేశాను.

ఒక ఆదివారం పొద్దున పోలీసులు కాలనీని చుట్టుముట్టారు. బండ్ల కాగితాలు, ఆధార్ కార్డులు చూశారు. మా వంతు వచ్చాక ఒక కానిస్టేబుల్ ఫోన్లు అడిగాడు. నేను ఇచ్చేశాను. బావ ఇవ్వలేదు.

"ఇల్లంత జూసుకోండ్రి సార్. ఫోన్ల ఏముంటది?"

"ఏం లేకుంటే భయమెందుకు?" అన్నాడు కానిస్టేబుల్.

వాడకట్టంతా చూస్తోంది. నాకు చిరాకేసింది. "ఇచ్చెయ్ బావా, జల్ది అయిపోతది," అన్నాను.

బావ నా ముఖంలోకి చూసి, లాక్ తీసి ఇచ్చాడు.

కానిస్టేబుల్ ఫొటోలు జరుపుతూ ఒకచోట ఆగిపోయాడు. అతని భుజం వెనకే ఉన్న నాకూ అది కనిపించింది. నెల కింద బావ, నేను అక్కా అని పిలిచే ఆయన భార్య హైదరాబాద్ పోయింది పెళ్లికి కాదని, అక్కకు రొమ్ము ఆపరేషన్ అయిందని నాకు అప్పుడే తెలిసింది. గాయం మానుతోందో లేదో డాక్టరుకు పంపడానికి తీసిన ఫొటో. అక్క గడపలోనే నిలబడి ఉంది. మా చూపులు చూసి, కొంగు నిండుగా కప్పుకుని లోపలికి వెళ్లిపోయింది.

కానిస్టేబుల్ ఫోన్ తిరిగి ఇస్తూ, "తప్పైంది కాకా," అన్నాడు. ఆ మాట నా నోట రాలేదు.

సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. "నేనేం జూడలే బావా. అక్కకు చెప్పు," అన్నాను.

"నువ్వు జూసుడు ఆమె జూసింది," అన్నాడు.

ఆ తర్వాత దొంగలు దొరికారు. అందరం నిశ్చింతగా తాళాలు వేసుకుని పోతున్నాం. అక్క మాత్రం వాకిట్లో కూర్చోవడం మానేసింది. అలా ఫోన్ తెరిపించవచ్చా అని చాలా రోజులకు ఒక వకీలును అడిగాను. ఆయన ఏవో సెక్షన్లు చెప్పాడు. అడగవలసింది ఆ ఆదివారం, బావ పక్కన నిలబడి.

బావ రిటైరై, మందమర్రిలో బిడ్డ దగ్గరికి మకాం మార్చాడు. ఆ రోజు నేను సామాను ఎత్తబోతే ఆపాడు.

"మీరెందుకు తకలీఫ్ పడతరు, పిలగాండ్లు ఉన్నరు గద," అన్నాడు.

అన్నేళ్లలో మొదటిసారి నన్ను మీరు అన్నాడు.