పటాన్‌చెరు మబ్బులు

నిన్న ఐస్‌క్రీమ్ పార్శిల్ విప్పగానే, లోపలి డ్రై ఐస్ నుంచి తెల్లటి పొగ టేబుల్ మీదికి పాకింది. పక్కనే మమ్మీ. నేను డాడీ వైపు చూశాను.

ఫ్రెండ్స్, ఒకటో క్లాసులో నేను ఏ బొమ్మ గీసినా మబ్బులే వేసేదాన్ని, గుర్తుందా? ఎందుకో ఇప్పుడు చెప్తాను. మమ్మీ ఇన్‌స్టాలో లేదు, మీరెవరూ చెప్పకండి.

మా డాడీ పటాన్‌చెరులో డ్రై ఐస్ కంపెనీ వ్యాన్ నడుపుతాడు. అప్పట్లో ఒక శనివారం నన్ను పక్క సీట్లో కూర్చోబెట్టుకుని ఫిల్మ్‌నగర్ తీసుకెళ్లాడు. మేం చర్చికి వెళ్లేవాళ్లం, మా ఇంట్లో సినిమా చూడడం పాపం. "మీ మమ్మీకి తెలిస్తే ఇగ నిన్ను వ్యాన్ ఎక్కనియ్యదు బిడ్డా," అన్నాడు. అబద్ధం కూడా పాపమే కదా! దారంతా పెద్ద పెద్ద గేట్లు, హీరోల కటౌట్లు చూస్తున్నా ఆ భయం పోలేదు.

ఒక పెద్ద రేకుల షెడ్డులోకి వెళ్లాం. లోపల బంగారు స్తంభాలు, తెల్ల చీరల్లో అక్కలు. డాడీ వేడినీళ్ల డ్రమ్ములో ఐస్ ముక్కలు వేశాడు. చల్లటి మబ్బులు పుట్టి నా నడుము దాకా వచ్చాయి. నా కాళ్లు నాకే కనిపించలేదు.

"ఏంది డాడీ ఇది?"

"స్వర్గం సెట్టు బిడ్డా. మబ్బులు మాత్రం మన పటాన్‌చెరువే!"

ఇంటికి రాగానే మమ్మీ అడిగింది. "ఇంతసేపు ఏడికి పోయిండ్రు?"

డాడీ తల దించుకున్నాడు.

"పరలోకానికి పోయొచ్చినం మమ్మీ," అన్నాను.

మమ్మీ మురిసిపోయి, సండే స్కూల్ టీచర్‌కి ఫోన్ చేసి మరీ చెప్పింది.

నిన్న ఆ పొగ చూసి మమ్మీ, "అచ్చం పరలోకం లెక్కనే ఉంది కదా!" అంది.

డాడీ, నేను తలెత్తకుండా ఐస్‌క్రీమ్ తిన్నాం.