మూడో తాళంచెవి

మా ఆయన మస్కట్ వెళ్ళాక, చంటిపాపతో ఒక్కదాన్నే ఉండటానికి భయపడి అమలాపురంలో గేటూ, వాచ్‌మనూ ఉన్న అపార్ట్‌మెంట్‌లో అద్దెకు దిగాను. మా అమ్మ వచ్చినా గేటు దగ్గర ఆపి, నాకు ఫోన్ చేశాకే పంపేవారు. అది చూసి నిశ్చింతగా ఉండేదాన్ని.

ఒక మధ్యాహ్నం పాప హాల్లో నిద్రపోతోంది. పగలే కదా అని గడియ పెట్టకుండా లాక్ మాత్రం వేసి, వంటింట్లో కూర తరుగుతున్నాను. బయటి నుంచి తలుపులో తాళంచెవి తిరిగిన చప్పుడు! ఓనరు ఇచ్చిన రెండు చెవులూ నా దగ్గరే ఉన్నాయి. పరుగెత్తుకొచ్చేసరికి ఇద్దరు మగవాళ్ళు లోపలికి వచ్చేశారు. వాళ్ళకూ నాకూ మధ్య నేలమీద పాప. చేతిలో కూర తరిగే కత్తితో అలాగే నిలబడిపోయాను.

వెనక నుంచి వాచ్‌మన్ తొంగిచూశాడు. "కంగారు పడకండమ్మా, ఓనరుగారి తమ్ముడుగారండి. పెళ్ళికి అటక మీద గంగాళం కావాలంటండి."

"బెల్ కొట్టొచ్చు కదండీ!" అన్నాను ఏడుస్తూ.

ఆ పెద్దమనిషి నవ్వుతూ మూడో తాళంచెవి జేబులో వేసుకున్నాడు. "మా ఇంటికి మేం రావడానికి బెల్లెందుకండీ?"

ఇప్పుడు పట్టపగలు కూడా గడియ పెట్టి, కుర్చీ అడ్డం వేస్తేగానీ పాపను నిద్రపుచ్చలేను. గేటు దగ్గర మా అమ్మను మాత్రం ఇంకా ఆపుతూనే ఉన్నారు.