మలుపు దగ్గర ఆగే మనిషి

మా మేనత్త పోయిందని మొన్న గురువారం పొద్దున తమ్ముడు ఫోన్ చేశాడు. పాడేరులో నా అద్దె గదిలో అప్పుడు నేను ఒక అమ్మాయి నడుము సన్నం చేస్తున్నాను. బొమ్మలో అమ్మాయి లెండి. ఫోన్‌లో చదువుకునే కామిక్స్ గీస్తాను, మీలో కొందరు చూసే ఉంటారు. నా కథానాయిక మా కొండల్లో పుట్టిన సూపర్‌హీరో. ఎగురుతుంది, జారే కొండచరియను చేత్తో ఆపుతుంది. "లేడీ సూపర్‌హీరో కదండీ, నడుం ఇంకా తగ్గాలి, జుట్టు ఎగరాలి" అని వాటిని వేసే యాప్ వాళ్లు మళ్లీ కబురు పెట్టారు. ఆ గీత సగంలో వదిలేసి జీపెక్కాను.

మేనత్త జి.మాడుగుల దగ్గర మా ఊళ్లో కాఫీ పళ్లు కోసేది. చదువు రాదు గానీ నా బొమ్మలు అందరికంటే ముందు చూసింది ఆమే. పొయ్యి దగ్గర కూర్చుని, ఫోన్ చెయ్యి చాపినంత దూరం పెట్టి చూసేది. మొదటిసారే హీరోయిన్ వీపు మీద ఎగిరే గుడ్డను వేలితో పొడిచి, "ఈ దుప్పటేటే? నిద్దర్లోంచి లేసొచ్చీసిందేటి?" అంది. ఇంట్లో అందరూ నవ్వారు. నాకు ఒళ్లు మండింది.

తర్వాత జుట్టు మీద పడింది. "ఇరబోసుకుని తోటలోకెల్తే కొమ్మకి సిక్కడిపోద్ది. ముడెయ్యి" అంది. ఆ పిల్ల నడుము చూసి, "ఈ గుంట ఏటీ తిన్నట్టు లేదు. మూటెత్తితే ఇరిగిపోద్ది" అంది. సూపర్‌హీరోకి ఆకలి వెయ్యదని చెప్పాను.

"ఆకలెయ్యకపోతే పక్కోల ఆకలి దానికెలాగ తెలుస్తాది?"

నడుము అలాగే ఉంచి, జుట్టు మాత్రం ముడి వేశాను. పనిమనిషిలా ఉందని యాప్‌లో బొమ్మ కింద ఎవరెవరో రాశారు. మళ్లీ విప్పేశాను.

ఆమె ఎప్పటికీ వదలని ఫిర్యాదు ఒకటుంది. నా బొమ్మల్లో ఆ అమ్మాయి కొండ కొసన ఒక్కతే నిలబడి ముందుకు చూస్తుంటుంది. "ఎనక్కి సూడదేటి? ఎనకోలు ఎక్కీసారో లేదో?" అనేది.

సంత నుంచి వచ్చేటప్పుడు మా వాళ్లు వరసగా నడుస్తారు. ముందు ఎక్కినవాళ్లు మలుపు దగ్గర మూట దించి, చివరి మనిషి కనబడేదాకా ఆగుతారు. చిన్నప్పుడు జ్వరమొచ్చి నా కుడికాలు బలహీనపడింది. కాబట్టి ఆ చివరి మనిషిని ఎప్పుడూ నేనే, ముందు మనిషి ఎప్పుడూ మేనత్తే. ఏడుపు మొహంతో నేను చేరేసరికి, "వచ్చీసావా? నాకూ ఆయాసమొచ్చీసింది, కూకుందాం" అనేది. ఆమెకు ఆయాసం లేదని నాకు అప్పుడే తెలుసు.

కిందటి నెల వెళ్లినప్పుడు కూడా అడిగింది. "ఇప్పుడైనా ఎనక్కి తిప్పీసావేటి?"

"వెనక్కి తిరిగితే మొహం కనపడదు అత్తా. ఎవరూ చదవరు."

"సరేలే, పైసారి సూపించు" అంది. ఆ పైసారి లేకుండా పోయింది. ఒక్క బొమ్మ, ఒక్క పూట పని. గీసి చూపించనందుకు నాకు సిగ్గుగా ఉంది.

పూడ్చే చోటు ఊరికి పైన, కొండవాలులో ఉంది. మాలో ఆడవాళ్లూ వెంట నడుస్తారు. నేను మామూలుగానే వెనకబడ్డాను. తలెత్తి చూసేసరికి మలుపు దగ్గర పాడె ఆగి ఉంది. ఆగమని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. అందరూ వెనక్కి తిరిగి నన్నే చూస్తున్నారు. కింద నుంచి నాకు ప్రతి మొహమూ స్పష్టంగా కనబడింది. ఇన్నాళ్లూ నేను కొండకు అవతలి వైపు, ఆ అమ్మాయికి ఎదురుగా నిలబడి గీశాను. ఈసారి బొమ్మ ఇక్కడి నుంచి, చివరి మనిషి ఉన్న చోటు నుంచి గీస్తాను.

"బేగి రాకే, మెల్లిగా రా!" అని పై నుంచి ఎవరో కేకేశారు.

మెల్లిగానే ఎక్కాను. వరసకు అందరికంటే ముందు, నలుగురి భుజాల మీద, మేనత్త నా కోసం ఆగి ఉంది.